తరతరాల రుచి

పిట్టకి నలభై దాటినా పిట్టే. చిన్నప్పుడు సన్నగా, నోరు మూయకుండా ఉండేదని వాళ్ళన్న పెట్టిన పేరది. అన్న పోయాడు గాని పేరు పోలేదు.

అన్న పోయినప్పుడు, వదిన ఇక కొండ దిగి వెళ్ళిపోతుందనే అందరూ అనుకున్నారు. ఆమె ఆ కొండ మనిషి కాదు. ఏరు అవతల మైదానంలో పుట్టి, పెళ్ళయి పైకి వచ్చింది. పిల్లల్లేరు. పిట్ట కూడా మొగుడితో పొసగక అప్పటికే అన్న పంచన చేరింది. మామూలుగా వదినా ఆడపడుచులంటే ఉప్పూ నిప్పూ. వీళ్ళిద్దరిదీ ఏం పొత్తో గాని, ఒకే దుప్పటి కప్పుకుని, అందులో ఎవరిది ఎక్కువ భాగమని పోట్లాడుకునే రకం.

"ఎక్కడికి పోతానర్రా?" అంది వదిన, పలకరించడానికి వచ్చినవాళ్ళతో. "ఆడపడుచు అర్ధమొగుడంటారుగా. నిండు మొగుడు ఎటూ పోయాడు, ఉన్న సగాన్నీ వదులుకోమంటారా?"

ఏడవడానికి వచ్చినవాళ్ళు నవ్వాపుకోలేక చచ్చారు.

ఆ కొండ నిండా ఎర్రటి పుల్లపళ్ళ చెట్లు. వానలకి ముందు విరగకాసేవి. తొలివానకే రోడ్డు తెగేది, పళ్ళు కిందికి చేరేవి కావు. తిన్నన్ని తిని, తక్కినవి నేలపాలు చెయ్యడం ఆ ఊరికి అలవాటైపోయింది. వదినకి మాత్రం అలవాటు కాలేదు. వాళ్ళ పుట్టింట్లో తోటల కాయల్ని పంచదారతో ఉడికించి సీసాల్లో దాచేవాళ్ళు. ఒక ఏడు ఆమె బుట్టెడు పళ్ళు తెచ్చి పొయ్యెక్కించింది. మొదటిసారి మాడింది. రెండోసారి నీళ్ళయింది. మూడోసారి, చల్లటి పళ్ళెం మీద ఒక చుక్క వేసి వంచి చూస్తే, చుక్క జారకుండా నిలబడింది. "ఇదిగో, ఇప్పుడు దించెయ్యాలి. ఇంకో క్షణం ఆగావా, బంక" అని పిట్ట చేతికి గరిటె ఇచ్చింది.

ఆ జామ్ సీసాలు గంపలో పెట్టుకుని పిట్ట బస్టాండులో అమ్మింది. అరుపులకి ఆమె, పొయ్యికి వదిన. మరుసటేడు పక్కింటి ఆడవాళ్ళు వచ్చి చేరారు. ఆ మరుసటేడు వాకిలి చాలక పెరట్లో పందిరి వేశారు.

ఆ పందిరి కిందికే ఒక రోజు ఆఫీసరమ్మ వచ్చింది. చిన్నపిల్లే, చెప్పులకంటిన బురద చూసుకుని నవ్వుకునే రకం. మారుమూల పల్లెల్లో మూలవాసులు సొంతంగా బతుకుతెరువు పెట్టుకుంటే సర్కారు గ్రాంటు ఇస్తుందని చెప్పింది. తిరిగి కట్టక్కర్లేదు. షెడ్డు, ఆవిరి బాయిలరు, సీసాలు నింపే మెషీను, సరుకు దించడానికి ఒక వ్యాను.

"వ్యాను మాకేనా?" అంది పిట్ట.

"మీకే."

"రోడ్డో?" అని వదిన అడిగింది. "వ్యాను ఇచ్చి రోడ్డివ్వకపోతే, దువ్వెన ఇచ్చి జుట్టివ్వనట్టే కదమ్మా."

ఆఫీసరమ్మ పగలబడి నవ్వింది. రోడ్డు కూడా అందులోనే ఉందంది. తర్వాత సంఘంలో ఎవరెవరుంటారని అడిగి, వదిన దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. సభ్యులందరూ ఆ కొండ తెగలో పుట్టినవాళ్ళే అయ్యుండాలి. బయటివాళ్ళు చొరబడి మూలవాసుల పేరున తినేస్తున్నారని పెట్టిన రూలు అది.

"చొరబడ్డానికి నేను బాజా భజంత్రీలతో వచ్చాను" అంది వదిన.

"మంచి రూలే పిన్నిగారూ, మీ దగ్గరే తప్పుతోంది" అంది ఆఫీసరమ్మ, తలెత్తకుండా.

పిట్ట గరిటె కింద పడేసింది. "ఈవిడ లేకపోతే మాకీ గ్రాంటూ వద్దు, గాడిదగుడ్డూ వద్దు" అంది. పక్కింటావిడ కూతురు అప్పుడే పట్నంలో పాచిపనికి పోవాల్సి వచ్చింది. పిట్ట బాబాయి కొడుకు ఏడాదికి సగం రోజులు పనిలేక తిరుగుతున్నాడు. అందరూ పిట్ట మొహంలోకే చూశారు.

ఇంటికొచ్చాక వదినే అంది: "సంతకం పెట్టు పిట్టా."

"నువ్వు లేకుండానా?"

"నేనెక్కడికి పోతున్నాను? పేరు లేకపోతే చెయ్యి పడిపోతుందా? నేను అక్కడే ఉంటాను, పొయ్యి దగ్గర. రోడ్డొస్తుందే పిచ్చిదానా. మీ అన్నని ఆస్పత్రికి మోసుకెళ్ళిన మంచం గుర్తులేదా నీకు?"

వానకి రోడ్డు తెగి, అన్నని మోసుకెళ్తుండగా దారిలోనే ప్రాణం పోయింది. ఆ మాటన్నాక పిట్ట సంతకం పెట్టింది.

అన్నీ వచ్చాయి. ఆఫీసరమ్మ మాట తప్పలేదు. రోడ్డు పడింది, షెడ్డు లేచింది, పాచిపనికి పోయిన పిల్ల తిరిగొచ్చి మెషీను దగ్గర కూర్చుంది. బాబాయి కొడుకు సెక్రటరీ అయ్యాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. తనిఖీవాళ్ళు వచ్చి బయటి మనిషిని చూస్తే గ్రాంటు ఆపేస్తారేమోనని వాడి బెంగ. "వదినా, బాయిలరు గదిలో సభ్యులే ఉండాలంట. నువ్వు కాస్త ఆ సీసాలు కడిగే చోట కూర్చుంటావా, కొన్నాళ్ళు?" అన్నాడు.

వదిన వెళ్ళి కుళాయి దగ్గర పీట వేసుకుంది. పిట్ట ఊరుకోలేదు, అరిచింది. అరిచిన మాట నిజమే గాని, వదినని చెయ్యిపట్టుకుని లోపలికి తీసుకురాలేదు. ప్రారంభోత్సవం అయిపోనీ, అప్పుడు చూద్దాం అనుకుంది.

ప్రారంభోత్సవానికి సర్కారు పెద్దాయన కార్లో, కొత్త రోడ్డు మీదే వచ్చాడు. రిబ్బన్ను కత్తిరించి, చెంచాతో జామ్ నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. "అబ్బ! ఇది చెయ్యడం మీకెవరు నేర్పారమ్మా?" అని పిట్టని అడిగాడు.

జీవితంలో మొదటిసారి పిట్టకి నోరు రాలేదు. గోడ పక్కన, నీళ్ళోడుతున్న చేతుల్తో వదిన నిలబడి ఉంది. తనిఖీవాళ్ళు పెద్దాయన వెనకే ఉన్నారు.

"తరతరాల నుంచీ వస్తున్న రుచండీ. మా పూర్వీకులది" అన్నాడు సెక్రటరీ.

పెద్దాయన ఆ మాట సీసాల మీద అచ్చు వేయించమన్నాడు. చప్పట్లు కొట్టారు. వదిన కూడా తడిచేతుల్తోనే కొట్టింది.

ఆ సాయంత్రం ఇంట్లో వదినే నవ్వుతూ మొదలెట్టింది. "నన్ను పూర్వీకుల్లో కలిపేశారే! అప్పుడే అంత ముసలిదాన్నయిపోయానా?" పిట్టా నవ్వింది. నవ్వు మధ్యలో వదిన కొంగుతో మొహం తుడుచుకుని, "నువ్వైనా అంటావనుకున్నాను" అంది. అంతే. తిట్టినా బాగుండేది.

కొన్నాళ్ళకి వదిన, పట్నంలో చిన్నప్పటి స్నేహితురాలు క్యాంటీను నడుపుతోందనీ, సాయానికి రమ్మంటోందనీ చెప్పి బట్టలు సర్దుకుంది. "మళ్ళీ వస్తావుగా?" అని పిట్ట అడిగింది. "రాక ఎక్కడికి పోతాను, సీసాలు కడిగేవాళ్ళు దొరికితే చెప్పు, లేకపోతే నేనే వస్తాలే" అంది. వ్యానులోనే కిందికి దిగింది. ఫోన్లు చేసుకునేవాళ్ళు. పంట ఎలా ఉందని అడిగేది, పళ్ళెం మీద చుక్క వేస్తున్నారా, మెషీను మాట నమ్మేస్తున్నారా అని అడిగేది. వస్తానని మాత్రం అనేది కాదు.

పిట్ట ఆఫీసరమ్మ వెంటపడింది. కొండ దిగిన ప్రతిసారీ ఆ ఆఫీసు బల్ల ముందు కూర్చునేది. ఆ పిల్లా పైవాళ్ళతో పోట్లాడింది. చివరికి ఒక రోజు ఆమే పైకి వచ్చి చెప్పింది: పెళ్ళి చేసుకుని వచ్చి ఊళ్ళోనే ఉన్నవాళ్ళనీ సభ్యులుగా తీసుకోవచ్చట. పిట్ట ఆ పిల్లని కావలించుకుని ఏడ్చేసింది.

ఫోన్లో చెప్పెయ్యవచ్చు. కాని ఆ మాట చెబుతున్నప్పుడు వదిన మొహం చూడాలనిపించింది. చెట్లేమో విరగకాశాయి, బాయిలరు చల్లారడం లేదు. ఈ పళ్ళు కానిచ్చి, తానే వెళ్ళి తీసుకొద్దామనుకుంది. ఫోను చేస్తే నోరు ఆగదని, అన్నాళ్ళూ ఫోను కూడా చెయ్యలేదు. సీజను అయ్యాక, మంచి చీర కట్టుకుని బస్సెక్కింది.

క్యాంటీనులో మధ్యాహ్నం రద్దీ తగ్గి, బల్లలు తుడుస్తున్నారు. గల్లా దగ్గరున్నావిడ పిట్టని ఎగాదిగా చూసి, కుర్చీలోంచి లేచింది.

"నువ్వు పిట్టవి కదూ?"

"ఎలా తెలుసు?"

"రోజూ నీ కబుర్లేగా" అని, ఆవిడ పిట్ట చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. పిట్ట, వదిన వస్తుందేమోనని వంటగది వైపు చూసింది.

జ్వరమట. మామూలు జ్వరమే అనుకున్నారు. ఊపిరి అందక ఆస్పత్రికి తీసుకెళ్తే రెండో రోజే అయిపోయింది. నెల దాటింది.

"నాకు ఫోను చెయ్యలేదేం?" అంది పిట్ట.

"చేస్తానన్నానమ్మా. వద్దని ఒట్టు పెట్టించుకుంది. 'అది పెద్ద కార్ఖానా నడుపుతోంది, ఇప్పుడు పళ్ళ కాలం, ఒక్క రోజు పోయిందా అంతా కుళ్ళిపోతుంది. దాన్ని కదిలించకు, లేచాక నేనే చేస్తాను' అంది. లేస్తుందనే అనుకున్నాం. తర్వాత చేద్దామంటే, ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఆవిడ టీ తెచ్చి పెట్టింది. అది అలాగే చల్లారింది. వదిన పడుకున్న గది చూపించింది; అప్పటికే అందులో ఇంకో అమ్మాయి ఉంటోంది, గోడకి ఆ అమ్మాయి బట్టలు వేలాడుతున్నాయి. వదినని పూడ్చిపెట్టిన చోటికి కూడా తీసుకెళ్ళింది. మట్టి మీద అప్పుడే గడ్డి మొలుస్తోంది. చెప్పాలని దారంతా కూర్చుకున్న మాటలు పిట్ట అక్కడ చెప్పలేకపోయింది. గడ్డి పీకబోయి, పీకకుండా లేచింది.

తిరుగు బస్సులో పక్క సీటావిడ, మాట కలిపే మనిషి, "ఎక్కడికెళ్ళి వస్తున్నావమ్మా?" అని అడిగింది.

"మా వదిన దగ్గరికి."

"మంచిదే. బాగున్నారా?"

పిట్ట తల ఊపింది. ఊపుతూనే ఉంది. తర్వాత పైట నోట్లో కుక్కుకుని, ఆ పరాయి మనిషి భుజం మీద పడి, కొండ కనిపించే దాకా ఏడ్చింది.