రిమ్ముకు అడ్డం

ఆ ఇంటివాళ్లది కార్లు కడిగే షెడ్డు. చిన్నకోడలు చక్రం మధ్యలోని రిమ్ముకు ప్లాస్టిక్ మూత అడ్డంపెట్టి టైరుకు పాలిష్ కొట్టేది. రిమ్ము మీద చుక్క కూడా పడేది కాదు.

"దాన్ని చూసి నేర్చుకోవే!" అనేది అత్తగారు పెద్దకోడలితో.

పెద్దకోడలు కళ్లలో నిప్పులు పోసుకుంది. ఒకరోజు ఆ మూతను గోనెసంచుల కింద దాచేసింది.

"అక్కా, మూత కనపడట్లేదు. కాస్త నీ చేతులు అడ్డం పెట్టవా?" అంది చిన్నకోడలు.

అత్తగారు చూస్తోంది. కాదనలేక పెద్దకోడలు చేతులు పెట్టింది. అరచేతులు రెండూ జిడ్డయ్యాయి, రిమ్ము మాత్రం తళతళలాడింది.

"ఇద్దరూ భలే చేశారే!" అంది అత్తగారు.

పెద్దకోడలు సబ్బు రుద్దుకుంటూ గొణుక్కుంది. "జిడ్డు నాకూ, పేరులో సగం దానికీనా!"