చెట్టెక్కని పేరు

"టీలయ్యాక మన ఇంట్లోవాళ్ళ పేర్లు కూడా రాసెయ్," అన్నాడు భర్త, ఖాళీ గ్లాసు ఆమె చేతికిస్తూ.

ఊరి చరిత్ర సంఘానికి మామగారు అధ్యక్షుడు, భర్త కార్యదర్శి. ఆమెకు పదవి లేదు, పని ఉంది. హాలు ఊడవడం, వచ్చినవాళ్ళకు టీలివ్వడం, ముసలమ్మల పక్కన కూర్చుని ముత్తాతల పేర్లు రాబట్టడం. ఇప్పుడు గోడంతా పరుచుకున్న వంశవృక్షం మీద ఆ పేర్లు రాయడం. చెట్టు గీసి పెయింటరు వెళ్ళిపోయాడు. "ఇంట్లో మనిషుండగా మళ్ళీ వాడెందుకు," అన్నారు మామగారు. ఇంట్లో మనిషి అనిపించుకునేది ఇలాంటప్పుడే.

పిల్లలు లేకుండా పోయినవాళ్ళను, పెళ్ళయినా పిల్లల్లేనివాళ్ళను చెట్టెక్కించకూడదని సంఘం నియమం. గోడ చాలదట. చిన్నతనంలోనే పోయినవాళ్ళు, పెళ్ళి కాని మేనత్తలు, ఎందరి పేర్లో చెవులారా విని వచ్చి కూడా ఆమె రాయకుండా వదిలేసింది. అప్పుడు నోరెత్తలేదు. జ్వరంతో పోయిన తన ఆరేళ్ళ కూతురి దగ్గరకొచ్చేసరికి బ్రష్ ఆగింది.

"మామయ్యగారూ, చిన్న ఆకు గీసి పాప పేరు రాస్తాను."

"ఒకరికి రాస్తే అందరూ మీద పడతారమ్మా. మనింటి కోసం రూలు మార్చామంటారు."

"పాప లెక్కలో లేకపోతే ఈయనకీ పిల్లల్లేనట్టేగా. మరి ఈయన పేరెలా రాయను?"

భర్త నవ్వాడు. "చూశావా నాన్నా, టీలిచ్చి టీలిచ్చి నీ కోడలు లాయరైపోయింది."

మామగారు నవ్వలేదు. కాసేపు గోడను చూసి దారి కనిపెట్టారు. "చిన్నాడి రెండో కొడుకుని వీడి కింద రాసెయ్యమ్మా. కొమ్మ నిలబడుతుంది. కార్యదర్శి పేరే లేకపోతే ఏం బాగుంటుంది?"

"గోడ మీదేగా అక్కా, వాడెటూ నా దగ్గరే ఉంటాడు," అంది గ్లాసులు సర్దుతున్న తోడికోడలు, ఆ కుర్రాడి తల్లి.

"పాప పేరక్కడుంటే చూసినప్పుడల్లా ఏడుస్తావు. నీ మంచికే," అన్నాడు భర్త. లేకపోతే ఏడవదని ఎలా అనుకున్నాడో. పురిటినొప్పులు తనవి, ఆసుపత్రి వరండాలో జాగారం తనది, పిల్ల ఉందో లేదో తేల్చేది మాత్రం వీళ్ళు. బ్రష్ విసిరికొడితే? పెయింటర్ని పిలుస్తారు. ఆ కుర్రాడి పేరు రాసి చెరిపేస్తే? మళ్ళీ రాయిస్తారు. పైగా, తల్లికి మతి చలించిందని జాలిపడతారు. ఎటు తిరిగినా గోడే. నిచ్చెనెక్కి, తను కనని కొడుకును భర్త పేరు కింద రాసింది.

ప్రారంభం రోజు హాలు నిండిపోయింది. ఆమె టీ ట్రేతో తిరుగుతుంటే పొరుగూరి నుంచి వచ్చిన పెద్దావిడ ఆపింది.

"ఎవరమ్మా ఇంత చక్కగా రాసింది?"

"నేనేనండి."

"మీకెంతమంది పిల్లలు?"

పక్కనే ఉన్న భర్త గోడ మీది కుర్రాడి పేరు వైపు వేలు చూపించబోయాడు. ఈలోగానే ఆమె అంది: "ఒక కూతురండి." పాప పేరు కూడా చెప్పింది.

పెద్దావిడ కళ్ళద్దాలు సర్దుకుని కొమ్మకొమ్మా వెతికింది. "ఏదమ్మా, కనపడదే?"

"నేనే రాయలేదండి."