పన్నెండింటి దాకా మౌనం

ఆ కూటమిలో ఒక పద్ధతి ఉంది. ఒప్పందం ముసాయిదాని సభ్య దేశాలన్నిటికీ పంపి గడువు పెడతారు. ఆలోపు ఎవరూ నోరు మెదపకపోతే అందరూ ఒప్పుకున్నట్టే; ఒక్కరు కాదన్నా అది ఆగిపోతుంది. సంతకాల్లేవు, చేతులెత్తడాల్లేవు. ఇన్ని దేశాల తలరాత రాయడానికి ఇంతకంటే బద్ధకపు పద్ధతి ఇంకోటి ఉండదు.

ఈసారి గడువు మధ్యాహ్నం పన్నెండు. మంత్రిగారు విమానం ఎక్కుతూ, "మన అభ్యంతరం పంపాలో వద్దో నువ్వే చూసుకో అమ్మా" అని భారమంతా తన శాఖ అధికారిణి నెత్తిన పడేసి చల్లగా వెళ్లిపోయారు. ఆవిడ గది తలుపేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది.

ముసాయిదాలో ఉన్నవి రెండే ముక్కలు. పొరుగు దేశానికి బేరింగులు అమ్మడం మానాలి. మానితే, ఆ దేశం డ్రోన్లు వచ్చి పడుతున్న మన సరిహద్దుకి వాటిని కూల్చే తుపాకులు కూటమి పంపుతుంది. బేరింగులు చేసేది ఆమె అన్నయ్య ఫ్యాక్టరీ, దానికి ఆ బేరమే ఆధారం. సరిహద్దులో కాపలా కాస్తున్నది ఆమె తమ్ముడు. ఎవరో పనిగట్టుకుని ఆ ఇంటిమీద కక్షతో రాసినట్టుంది.

అభ్యంతరం టైపు చేసి సిద్ధంగా ఉంది. మీట నొక్కడమే తరువాయి.

ఫోన్ మోగింది. అన్నయ్య. వెనకాల మిషన్ల రొద.

"పంపేశావా?"

"లేదన్నయ్యా. నన్నేమీ అడక్కు, నీకు దణ్ణం పెడతా."

"చెప్పేది విను. ఈ ఫ్యాక్టరీని నిలబెట్టడానికి నా నడుం విరిగింది. ఇక్కడ పనివాళ్లందరూ నా మొహమే చూస్తున్నారు." అతను గొంతు తగ్గించాడు. "పొద్దున చిన్నోడు ఫోన్ చేశాడు. బానే ఉన్నానన్నాడు."

చిన్నప్పుడు చెయ్యి విరిగినప్పుడూ వాడు ఆ మాటే అన్నాడు. అది ఇద్దరికీ గుర్తుంది.

"అయితే నన్నేం చెయ్యమంటావు?"

"ఏం చెయ్యకు."

ఇద్దరూ ఫోన్ పెట్టెయ్యలేదు, మాట్లాడనూ లేదు. ఒక్క మాట దొర్లితే ఎక్కడ మనసు మారిపోతుందోనని ఇద్దరికీ భయం. ఆమె గోడ గడియారం వైపు చూడకుండా చెవిలో ఆ రొదే వింటూ కూర్చుంది. చివరికి తెరమీద, ఒప్పందం ఖాయమైందని పడింది.

"అయిపోయిందన్నయ్యా."

"ఊఁ," అన్నాడు. తర్వాత అవతల ఎవరితోనో, "ఇంక కట్టెయ్యండ్రా" అన్నాడు.

మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోవడం ఆమె ఫోన్లో చివరిదాకా విన్నది.