శనివారం కడుపునొప్పి

ఆడపిల్లల బోర్డింగ్ చూసుకునే జ్ఞానమ్మ వైద్యమంతా వాము డబ్బాలోనే ఉండేది. బోర్డింగ్ పిల్లల్లో ఎవరు కడుపు పట్టుకుని మూలిగినా, గుప్పెడు వాము వేసి నీళ్లు మరిగించి, ఆ ఘాటుకి కళ్లమ్మట నీళ్లు కారుతున్నా వదలకుండా గిన్నెడూ తాగించేది. ఆ వాము నీళ్లకి భయపడి నొప్పి దాచుకునే పిల్లలే ఎక్కువ. అలాంటిది, సూరమ్మ ప్రతి శనివారం పొద్దున్నే తనంతట తనే వచ్చి కడుపునొప్పండి అనేది. అప్పుడైనా ఆలోచించాలి కదా మనిషన్నాక! ఆలోచించలేదు. తరవాత బతికినన్నాళ్లూ ఆవిడ ఏడుపు అదే.

శనివారమంటే పిడికెడు బియ్యం రోజు. ఆ పేటలో ఏసు గుడికొచ్చే ఆడవాళ్లు పూటపూటకీ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. కూలి దొరికినా దొరక్కపోయినా ఆ పిడికెడు తప్పేది కాదు. సంఘపెద్ద ఏసురాజుగారు శనివారం ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగుచేసేవాడు. వెంట గంప పట్టుకుని మిషన్ వాళ్ల ఆడపిల్లల బోర్డింగ్ నుంచి ఒక పిల్ల వెళ్లాలి. తాము కడుపు కట్టుకుని తీసిన బియ్యం ఎవరి నోట్లోకి వెళ్తోందో ఇచ్చే తల్లులకి కనబడాలని ఆ ఏర్పాటు. మంచి ఏర్పాటే, కాదన్నదెవరు? తిరగడం అయ్యాక గంపతోపాటు ఆ పిల్లా ఏసురాజుగారింటి కొట్టుగదికి వెళ్లేది. అక్కడ చెరిగి, కొలిచి, దీపాల వేళకి బోర్డింగుకి పంపేవాడు. ఆయన పెళ్లాం పోయి చాలాకాలమైంది. ఆ ఇంట్లో ఇంకో మనిషి లేదని పేటంతటికీ తెలుసు. అదొక సంగతని ఎవరికీ తోచలేదు.

సూరమ్మ తల్లీతండ్రీ లేని పిల్ల. పన్నెండేళ్లుంటాయి. నిజానికి నొప్పి కంటే ముందు అది నోరు విప్పి చెప్పింది. జ్ఞానమ్మ వంటింట్లో గంజి వారుస్తుంటే వెనక నిలబడి, నేల చూస్తూ చెప్పింది.

"ఆయనతో నన్ను పంపకండమ్మగారూ. ఆయన మంచివారు కాదండి."

జ్ఞానమ్మకి ఒళ్లు మండిపోయింది. ప్రార్థనకి లేచి నిలబడితే గుడి గుడంతా కంటతడి పెట్టుకునే మనిషిని, పట్టుమని పదమూడేళ్లు లేని పిల్ల అంత మాట అనడమా! పెద్దల మీద ఫిర్యాదు చెయ్యాలంటే ఇద్దరు సాక్షులు ఉండాలని ఆ సంఘంలో కట్టుబాటు. పనిలేని వాళ్ల చాడీలకి అడ్డుకట్టగా పెట్టుకున్నది. ఆవిడ అదే తీసింది.

"ఎవరు చూశారే? ఇద్దర్ని తీసుకురా, అప్పుడు వింటాను."

నాలుగు గోడల మధ్య జరిగినదానికి ఇద్దరు సాక్షులు ఎక్కణ్ణించి వస్తారమ్మా? అంతమంది పిల్లల్ని సాకిన మనిషికి ఆ ఒక్కటీ బుర్రకెక్కలేదు. పిల్ల మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆపై శనివారం నుంచి కడుపునొప్పి మొదలైంది. జ్ఞానమ్మ వాము నీళ్లు తాగించడం, గంప చేతికివ్వడం. చివరికి ఒకరోజు నీళ్లకని కాలవ రేవుకి వెళ్లిన సూరమ్మ, బిందె మెట్టుమీద పెట్టేసి, పాలకొల్లు వైపు పోయే ధాన్యం పడవెక్కి అమ్మమ్మ దగ్గరికి వెళ్లిపోయింది.

తిండి పెట్టి, అక్షరం నేర్పితే ఇదా బుద్ధి అని జ్ఞానమ్మ నాలుగు రోజులు సణుక్కుంది. గంప మాణిక్యాంబ చేతికొచ్చింది. అదింకా చిన్నది, ముందు పళ్లు కూడా పూర్తిగా రాలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి వాగుతూ ఉండేది. గంప మోయడం మొదలెట్టాక వాగుడు తగ్గింది. పిల్లకి బుద్ధొస్తోందని జ్ఞానమ్మ సంతోషించింది కూడా.

సూరమ్మని వెనక్కి తీసుకురమ్మని మిషన్ దొరగారు కబురు పెట్టారు. బడి సెలవని శనివారమే బయల్దేరింది జ్ఞానమ్మ. పడవ వేళకి మాణిక్యాంబ వచ్చి కడుపునొప్పి అంది. ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుంటున్నాయని విసుక్కుని, వాము నీళ్లు తాగించి, గంప చేతికిచ్చి మరీ పడవెక్కింది.

పాలకొల్లు శివార్లలో సూరమ్మ అమ్మమ్మ వీరమ్మది తాటాకు గుడిసె. ముసలమ్మ కూలికి పోయింది. సూరమ్మ వాకిట్లో చేట పెట్టుకుని నూకలు చెరుగుతోంది. దారి పొడుగునా పేర్చుకొచ్చిన తిట్లు జ్ఞానమ్మ నోటిదాకా వచ్చాయి గానీ, పిల్ల లేచి మంచినీళ్లిచ్చేసరికి చల్లబడింది. అలవాటు కొద్దీ ముందు కడుపునొప్పి సంగతే అడిగింది.

"ఇక్కడికొచ్చాక రాలేదండి."

శనివారం కూడానా అని అడిగింది జ్ఞానమ్మ. శనివారం కూడా రాలేదంది సూరమ్మ. కాసేపు చెరిగి, తలెత్తకుండానే అడిగింది.

"గంప ఇప్పుడు ఎవరు మోస్తున్నారండి?"

"మాణిక్యాంబ."

చేట ఆగిపోయింది. సూరమ్మ ఆవిడ మొహంలోకి చూసింది.

"దానికీ వాము నీళ్లు తాగించారా?"

తాగించానే, ఈ పొద్దున్నే తాగించాను అంది జ్ఞానమ్మ. పిల్ల కాళ్లు పట్టుకోవాలనిపించింది, దానికీ వేళ లేదు. రేవుకి పరిగెత్తింది.

ఎదురు నీటికి పడవని గట్టుమీంచి తాడేసి లాగాలి. అది కదిలితేనా! లాకు తలుపులు తీసేదాకా ఆగాల్సొస్తే ఆవిడ దిగిపోయి గట్టు వెంట నడక పట్టింది. చెప్పులు తెగితే అక్కడే వదిలేసింది. దేవుడా, ఈ ఒక్క పూటా ఆయనకి జ్వరం తెప్పించు, వాన కురిపించు అని దారంతా వేడుకుంది. వాన పడలేదు.

వెళ్లేసరికి బోర్డింగ్ అరుగు మీద బియ్యం గంప ఉంది. పక్కన మాణిక్యాంబ మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఆవిణ్ణి చూడగానే గబుక్కున నిటారుగా కూర్చుంది.

"తగ్గిపోయిందండమ్మగారూ. వాము వద్దండి."

జ్ఞానమ్మ అక్కడే కూలబడి ఆ పిల్లని ఒళ్లోకి లాక్కుంది. ఎవరు చూశారని అడగలేదు.

మర్నాడు ఆరాధన అయ్యాక పెద్దల ముందు నిలబడి అంతా చెప్పింది. ఏసురాజుగారు కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నట్టు కూర్చున్నాడు. సాక్షులెవరని అడిగారు పెద్దలు, ఆవిడ అడిగినట్టే.

"ఇద్దరు పిల్లలండి. శనివారం తప్ప ఇంకో రోజు రాని నొప్పి ఇద్దరికీ వచ్చింది. వాళ్లు చెబుతూనే ఉన్నారు, నేనే వినలేదు."

పెద్దలు గుసగుసలాడుకున్నారు. పరువు పోతుందన్నారు. ఆఖరికి ఏసురాజుగారికి గంప పని తప్పించారు, అంతే. ముందు వరస చాప మీద ఆయన చోటు ఆయనకే ఉంది. జ్ఞానమ్మ దొరగారిదాకా వెళ్లింది. విచారిద్దామన్నారు.

అప్పట్నించీ గంప జ్ఞానమ్మే మోసింది. వాము డబ్బా కాలవలో పారేసింది. ఏ పిల్ల నొప్పంటే ఆ పిల్ల పక్కన కూర్చుని, ఎప్పట్నించమ్మా అని అడిగేది. మాణిక్యాంబ మటుకు మళ్లీ ఎప్పుడూ నొప్పి అనలేదు, పాము కరిచిననాడు కూడా ముల్లు గుచ్చుకుందని దాచబోయింది. బతికింది గానీ, ఆ దాచడం ఎవరు నేర్పారో జ్ఞానమ్మకి తెలుసు.

పాలకొల్లు పడవలు రేవుకొచ్చినప్పుడల్లా ఆవిడ సరంగుల చేత సూరమ్మకి ఒకటే కబురు పంపేది, గంప ఇప్పుడు నేనే మోస్తున్నానని చెప్పండి బాబూ అని. చెప్పామండి, విందండి అనేవారు వాళ్లు. తిరిగి ఏమన్నా అందా అని అడిగేది. ఏమీ అనలేదండి అనేవారు.