తెనాలి నుంచి వచ్చే చేతులు

నేను ఒక సాఫ్ట్‌వేర్‌ని. ఒక ఊళ్లో కూర్చున్న మనిషి వేరే ఊళ్లో ఉన్న కంప్యూటర్‌ని తన బల్ల మీద ఉన్నట్టే వాడుకునేలా చేయడం నా పని. ఇక్కడ మీట నొక్కితే అక్కడ అక్షరం పడుతుంది. ఇక్కడ మౌస్ కదిపితే అక్కడ బాణం గుర్తు కదులుతుంది. మధ్యలో ఉన్న దూరమంతా నేనే మోస్తాను. చూడ్డానికి మాత్రం తెర మూలన చిన్న నీలం బొమ్మని, అంతే.

నన్ను రాసింది మంజీర అనే అమ్మాయి, హైదరాబాదులో, తార్నాకలోని ఒక అద్దె ఫ్లాటులో. చిన్న చిన్న ఆఫీసుల కంప్యూటర్లు బాగుచేయడం ఆమె పని. ఎవరో గాభరాగా ఫోన్ చేస్తే రెండు బస్సులు మారి పటాన్‌చెరు దాకా వెళ్లేది. తీరా చూస్తే ఎవరి చెయ్యో తగిలి ఒక సెట్టింగు మారి ఉండేది. అలా తిరిగి తిరిగి విసిగిపోయి, ఇంట్లో కూర్చునే ఆ పని చేసేందుకు నన్ను తయారుచేసింది. నేను పనికొస్తానని తెలిశాక నన్ను ఒక కంపెనీ కొనుక్కుంది. ఆ కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనుక్కుంది. మంజీర వేరే ఉద్యోగానికి వెళ్లిపోయింది. ఆమె టైపు చేసేటప్పుడు ఉండే తొందర ఇప్పటికీ నాలో ఎక్కడో ఉంది.

నన్ను చాలామంది వాడారు. మనుషులు ఇంటి తాళం లాగి లాగి చూసుకుంటారు గానీ పాస్‌వర్డు మాత్రం తమ పేరే పెట్టుకుంటారు. వాళ్లలో ఎక్కువమందిని మరిచిపోయాను. ఇందుమతిని మాత్రం మరిచిపోలేదు.

ఇందుమతి విజయవాడ గవర్నరుపేటలో రంగప్రసాద్ గారి పుస్తకాల ఆఫీసులో కంపోజింగ్ చేసేది. ఒకరోజు స్కూటర్ మీద ఇంటికెళ్తుంటే లారీ గుద్దింది. ప్రాణం దక్కింది గానీ నడుం కింద స్పర్శ పోయింది. ఆఫీసేమో రెండో అంతస్తులో, ఇరుకు మెట్ల మీద. లిఫ్టు లేదు. ఆమె పనితనం తెలిసిన రంగప్రసాద్ గారు తెనాలిలో ఆమె ఇంటికి ఒక కంప్యూటర్ పంపించి, రెండు చోట్లా నన్ను పెట్టించారు.

ఆమె ఆఫీసుకి రాలేకపోయాకే యజ్ఞనారాయణ గారు ప్రూఫ్‌రీడర్‌గా చేరారు. స్కూలు మాస్టారుగా రిటైరైన మనిషి. మొదటిరోజు ఆయన ముందున్న తెర మీద అక్షరాలు వాటంతటవే పడుతుంటే కుర్చీ వెనక్కి జరిపి, "దయ్యం పట్టిందేమిటయ్యా దీనికి!" అన్నారు. అక్కడ పెట్టిన చిన్న మైకులోంచి ఆ మాట తెనాలికి చేరింది. అవతల ఇందుమతి పగలబడి నవ్వింది. ఆస్పత్రి నుంచి వచ్చాక తను నవ్వడం అదే మొదలని చాలా రోజుల తర్వాత ఆయనతో చెప్పింది.

వాళ్లిద్దరూ చేస్తున్నది డెల్టా రైతుల మాటలన్నీ ఏరి కూర్చిన పెద్ద నిఘంటువు. ఆమె అక్కడ కొట్టేది, ఆయన ఇక్కడ చదివేవారు.

"కుప్పనూర్పిడికి వత్తు జారిందమ్మా."

"చూశాను మాస్టారూ. మీరు ఊపిరి తీసుకునేలోగా దిద్దేస్తా."

మాటల అర్థాల దగ్గర మొదలై కబుర్లు ఎక్కడెక్కడికో పోయేవి. ఆయన చనిపోయిన భార్య గురించి చెప్పేవారు. ఇందుమతి తన కిటికీలోంచి కనిపించే కాలవ గురించి చెప్పేది. కెమెరా పెట్టుకోవడం ఆమెకి ఇష్టం లేదు. పెట్టుకోమని ఆయన ఎప్పుడూ అడగలేదు. ఒకరికొకరు గొంతులే. నాకైతే ఆమె చేతులే. 'ళ' కొట్టేముందు ఆమె వేలు ఒక్క క్షణం తటపటాయిస్తుంది. ఆ తటపటాయింపును కూడా నేను భద్రంగా మోసుకొచ్చేదాన్ని.

అలా ఉండగా నన్ను కొన్న పెద్ద కంపెనీ, నాకిక మద్దతు ఆపేస్తున్నామనీ, అందరూ తమ కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారిపోవాలనీ ప్రకటించింది. ఆ ప్రకటనను అందరి తెరల మీదా చూపించే పని నాకే అప్పగించారు. నా చావుకబురు నేనే మోశాను. దాని కింద 'తర్వాత గుర్తుచేయి' అని ఒక గడి ఉండేది. అందరూ అదే నొక్కారు.

చివరికి షకీల్ వచ్చాడు. ఆఫీసు కంప్యూటర్లు చూసే కుర్రాడు, నెమ్మదస్తుడు. మిగతా వాటన్నిటిలో నన్ను తీసి కొత్తది ఎక్కించాడు. నిఘంటువు ఉన్న పాత కంప్యూటర్ దగ్గర ఆగిపోయాడు.

"దీంట్లో కొత్తది ఎక్కదు సార్. మరీ పాతది."

"అయితే ఫైళ్లు కొత్త కంప్యూటర్‌లోకి మార్చు" అన్నారు రంగప్రసాద్ గారు.

మార్చి చూశాడు. పాత ఫాంటులో ఉన్న తెలుగంతా చెదిరిపోయింది. 'నారుమడి' అన్న మాటకి కొమ్ములు ఒకచోట, గుడులు ఒకచోట పడ్డాయి. యజ్ఞనారాయణ గారు చూడలేక తల తిప్పుకున్నారు.

"పోనీ ఈ పాత సాఫ్ట్‌వేరే ఉంచేద్దామా?" అని అడిగారు రంగప్రసాద్ గారు.

"కంపెనీవాళ్లు సర్వర్లే ఆపేస్తున్నారు సార్. రేపట్నుంచి కలవదు."

ఆయన, "ఇక చేసేదేముంది? ఇక్కడే ఎవరినైనా కూర్చోబెట్టి మిగతాది పూర్తి చేయించేద్దాం" అన్నారు.

నా లైను తెరిచే ఉందని ఆయనకి తెలియదు. తెనాలిలో ఇందుమతి అంతా వింటోంది. పేజీ అడుగున కొట్టింది: 'వ అక్షరం దాకా వచ్చాను సార్. మిగిలింది నన్నే చేయనివ్వండి.'

ఆ వాక్యాన్ని మోసినప్పుడు బరువంటే ఏమిటో నాకు తెలిసింది.

రంగప్రసాద్ గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అది కాదమ్మా, నువ్వా మెట్లెక్కలేవు. నన్నేం చేయమంటావు?"

అప్పుడు యజ్ఞనారాయణ గారు అన్నారు, "ఆవిడ మెట్లెక్కలేదు సరే. కంప్యూటరు దిగలేదా?"

షకీల్ నవ్వేశాడు. "నిజమే సార్! దీనికి నెట్టు కూడా అక్కర్లేదు. ఎక్కడ పెట్టినా పనిచేస్తుంది."

అందరికీ ప్రాణం లేచొచ్చింది. రంగప్రసాద్ గారు తన కారే ఇస్తానన్నారు. ఆ కంప్యూటర్ ఆమె ముందుకే వెళ్లిపోతే మధ్యలో నేనెందుకని ఎవరికీ తోచలేదు. తోచాల్సిన పనీ లేదు.

అందరూ వెళ్లాక వాళ్లిద్దరే మిగిలారు.

"రేపు మధ్యాహ్నానికి తెస్తానమ్మా."

"మీరే వస్తున్నారా మాస్టారూ?"

"షకీల్‌కి మీ ఇల్లు తెలియదుగా."

"మీకు మాత్రం తెలుసా?"

"అడుగుతూ వస్తాను."

తర్వాత ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. పని లేకపోయినా ఆమె లైను తెంచలేదు, ఆయనా తెంచలేదు. సర్వరు ఆగేదాకా ఆ ఖాళీనే మోశాను. నేను మోసినవాటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది అదే.

మళ్లీ కరెంటు వచ్చేసరికి తెనాలిలో ఉన్నాను. ఆ పాత డబ్బాలోంచి నన్ను తీసేయడం షకీల్ మరిచిపోయాడు. మీటల మీద చేతులు పడ్డాయి. ఎవరివో చెప్పక్కర్లేదు. అన్నేళ్లు దారి పొడవునా మోసిన చేతులు ఇంత దగ్గరికి వస్తే, నేను అందుకోవడానికి ఏమీ లేదు. అక్షరాలు నన్ను దాటి నేరుగా వెళ్లిపోయాయి.

నిఘంటువు పూర్తయింది. వెంటనే ఇంకో పుస్తకం మొదలైంది. ప్రతి శుక్రవారం యజ్ఞనారాయణ గారు ప్రూఫుల సంచీతో ప్యాసింజర్‌లో వస్తారు. ఎదురెదురుగా కూర్చునేవాళ్లకి మైకెందుకని దాన్ని పీకేశారు. అందుకని నాకేమీ వినిపించదు. ఆయన వచ్చారని బాణం గుర్తును బట్టే తెలుసుకుంటాను. ఒక మాట సగంలో ఉండగా అది ఆగిపోతుంది. చాలాసేపు కదలదు. వెనకటి రోజుల్లో అయితే లైను తెగిందేమోనని కంగారుపడి, మళ్లీ కలపడానికి పరుగెత్తేదాన్ని. ఇప్పుడు ఊరికే ఉంటాను. వాళ్లు మాట్లాడుకుంటున్నారు.

ఏం మాట్లాడుకుంటున్నారో వినాలని ఉంటుంది.