రెండు ఊళ్ల ప్రమాణం

శాంతకుమారి టమోటా తోటలో సగం సాలు కోసిందో లేదో, యజమాని గోవిందప్ప బైకు గట్టు మీద ఆగింది. గంప అక్కడే పెట్టి పాలారు ఏట్లోకి రమ్మన్నాడు.

కుప్పం దాటాక పాలారు తమిళనాడులోకి పోతుంది. సరిహద్దుకు ఇవతల చెక్‌డ్యాం, అవతల ఆమె పుట్టినూరు. ఈ ఏడు వానల్లేవు. చెక్‌డ్యాం నీళ్లు రెండూళ్లకూ తాగడానికేననీ, పంటకు ఎవరూ తోడకూడదనీ పెద్దలు ముందే ఒప్పుకున్నారు. వారానికొకసారి షట్టర్ ఎత్తుతున్నారు కూడా. వదిలిన నీళ్లు మాత్రం అవతలి ఊరు చేరకముందే ఇసకలో ఇంకిపోతున్నాయి. ఇవతలి వాళ్లు దొంగతనంగా తోడుకుంటున్నారని అవతలి వాళ్లంటారు. వాళ్లకెంత ఇచ్చినా చాలదని వీళ్లంటారు.

రెండు రాష్ట్రాల ఆఫీసుల చుట్టూ తిరిగి విసిగి, చివరికి పాత పద్ధతికి వచ్చారు. వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి చెప్పిన మాటను ఏటికి అటూ ఇటూ ఎవరూ కాదనరు. ఆర్పే మనిషికి రెండు వైపులా బంధుత్వం ఉండాలి. అవతల పుట్టి ఇవతల మెట్టిన శాంతకుమారికి అందరూ సరేనన్నారు.

దారిలో గోవిందప్ప మెల్లగా అన్నాడు. "నీ మొగుడు కాలిరిగి పడుంటే సూసింది ఎవురు? పుట్టినిల్లైనా సుట్టాలైనా ఆడ. కూడు మాత్రం ఈడ."

మొన్న అతని తోటలోకి పైపు వేసినప్పుడు దాని మీద మన్ను లాగి కప్పింది శాంతకుమారే. బోరు పైపన్నాడు, నమ్మింది. దాని మొదలు చెక్‌డ్యాం మడుగులో మునిగి ఉండటం తర్వాత బట్టలుతకడానికి పోయినప్పుడు చూసింది.

ఏట్లో రెండు ఊళ్లూ నడుమ ఇసక వదిలి కూర్చున్నాయి. ఇవతలి వాళ్లు పంపిన మజ్జిగ అవతలి వాళ్లు ముట్టలేదు. సీసాలతో ఎవరి నీళ్లు వాళ్లే తెచ్చుకున్నారు. ఆమె తమ్ముడు మునెయ్య అక్క క్షేమం కూడా అడగలేదు.

"అమ్మ బురదనీళ్లు వడగట్టుకోని తాగతాండాది. నువ్వేం సెప్తే అదే మాట," అన్నాడు.

"తమ్ముడు ఏడిస్తే అక్క కరిగిపోదా," అని ఇవతల ఎవరో గొణిగారు.

"కూలిచ్చినోడి మాట దాటతాదా," అని అవతల ఇంకెవరో అన్నారు.

రాతి మీద కర్పూరం వెలిగించారు. మా ఊరోళ్లు పంటకు సుక్క నీళ్లు తీయలేదని చెప్పి ఆర్పమన్నాడు గోవిందప్ప.

శాంతకుమారి టమోటా ఆకు పసరుతో నల్లబడిన చెయ్యి మంట మీదికి చాపింది. వేడి తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నేను ఆర్పనప్పా. నీ పైపు మీద మన్ను లాగిన చెయ్యి ఇది. మడుగులోంచి నీళ్లు తీసింది నువ్వు. నువ్వే ఆర్పు."

గోవిందప్ప నవ్వబోయాడు. తోడుగా ఎవరూ నవ్వలేదు. ఆమె పక్కనున్న ఆడవాళ్లు ఇద్దరు కొంచెం ఎడంగా జరిగారు. మునెయ్య కూడా లేచి రాలేదు, ఇదేదో కొత్త ఎత్తేమోనన్నట్టు అక్క ముఖంలోకే చూస్తున్నాడు.

మిగతా అందరూ గోవిందప్ప చేతుల వైపు చూస్తున్నారు. అతను వాటిని జేబుల్లోంచి తీయలేదు. కర్పూరం మండుతూనే ఉంది.