తుపాకీకి అంత్యక్రియలు

ఎండలో పొంగిన రొట్టెముద్దల్ని దిమియానా మట్టి పొయ్యిలోకి ఒక్కొక్కటే తోస్తోంది. అత్త హెలానా గడపలో పప్పు ఏరుతూ, "మంట ఎక్కువైందే" అంది. కోడలు తలెత్తి జవాబు చెప్పింది, కోప్తిక్‌లో.

హెలానా చేతిలోంచి చేట జారిపోయింది.

మా ఊళ్ళో అందరం మాట్లాడేది అరబ్బీయే. తాతముత్తాతల భాష కోప్తిక్ గుడి ప్రార్థనల్లోనే వినపడుతుంది. అయితే మా క్రైస్తవుల్లో ఎవరికైనా పోయే రోజొస్తే, పొద్దున్నే నోట్లోంచి అరబ్బీ రాలిపోయి కోప్తిక్ వచ్చి కూర్చుంటుంది. పొద్దుగూకే లోపు ప్రాణం పోతుంది. గుడిలో పాడే క్లాదియోస్‌ని పిలిచి ఆఖరి మాట అరబ్బీలో చెప్పించుకుంటారు. ఆ మాట కాదనడానికి లేదు.

కానీ దిమియానా పడుచుపిల్ల. దగ్గు కూడా లేదు!

మొగుడు బిషాయ్ చెరకుతోటలోంచి పరుగెత్తుకొచ్చాడు. మర్నాడు అతనికి వేరే పని ఉంది. కాలవనీళ్ళ తగాదాలో అన్న బఖూంని కాల్చి చంపినవాడు రేపే జైలు నుంచి వస్తున్నాడు. వాణ్ణి కాల్చడానికి తుపాకీ గోడకి సిద్ధంగా ఉంది. పగ తీరేదాకా కొడుకు చావుకి పరామర్శ పుచ్చుకోనని, పరామర్శ కాఫీ ముట్టనని హెలానా ఒట్టు పెట్టుకుంది.

క్లాదియోస్ వంగి విన్నాడు. మొహం పాలిపోయింది.

"ఏమంటోందయ్యా?" అంది హెలానా.

"తుపాకీ తన శవపేటికలో పెట్టమంటోంది. వెంట తీసుకుపోతుందట."

"ఛీ! చెవుడొచ్చిందా నీకు?"

"మళ్ళీ మళ్ళీ అడిగాను హెలానమ్మా. అదే మాట."

బిషాయ్ ఏడుస్తూ తుపాకీ దించి, ఆమెకని తెప్పించిన చెక్క శవపేటికలో పెట్టాడు.

పొద్దు గూకింది. ఏడవడానికి ఆడవాళ్ళు గొంతు సవరించుకున్నారు. దిమియానా లేచి కూర్చుని అరబ్బీలో, "కాసిని మంచినీళ్ళివ్వండి" అంది.

ఒకావిడ కెవ్వుమని పడిపోయింది.

"చావలేదేమే?" అంది హెలానా.

"నాకేం తెలుసత్తా! మాట నాదే. భాషే నాది కాదు."

తుపాకీ తీయడానికి బిషాయ్ పెట్టె మూత మీద చెయ్యి వేశాడు. తల్లి అడ్డం పడింది.

"పోయేవాళ్ళకని ఇచ్చింది వెనక్కి తీసుకుంటావురా? మేకులు కొట్టు."

తన నోటి మాటకి తనే ఉలిక్కిపడింది.

మర్నాడు పెట్టెని ఊరంతా కలిసి మోసుకెళ్ళి బఖూం పక్కన పూడ్చారు. కాలవ అవతలి గట్టున జైలు నుంచి వచ్చినవాడు నిలబడి ఉన్నాడు. బిషాయ్ ఒట్టి చేతులతో ఒకసారి అటు చూసి, మట్టి వేయడానికి వంగాడు.

చావింటి చేదు కాఫీ తిప్పారు. పళ్ళెం పట్టుకున్నవాడు హెలానాని దాటిపోబోయాడు. ఆవిడ చెయ్యి చాచి కప్పు అందుకుంది.

"ఎవరికి తల్లీ ఈ పరామర్శ?" అన్నాడతను, తెల్లబోయి.

"మా బఖూంకి" అంది.